మెడ కదపని నీడ

సిగ్గులేనివాళ్ళని ఆడించడానికి డప్పు చాలు. సిగ్గున్నవాళ్ళని ఆడించే సాధనం మాత్రం లోకంలో ఇంతవరకూ పుట్టలేదని అబ్బులు గట్టి నమ్మకం. ఏటా అమ్మవారి జాతరలో అలంకరించిన గరగ కుండని నెత్తిన పెట్టుకుని ఆడుతూ ముందు నడిచేది అతనే. దారికి రెండు పక్కలా నిలబడ్డ జనాన్ని ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. డప్పు మోగుతుంటే వాళ్ళ కాలి వేళ్ళు చెప్పుల్లోనే కదులుతుంటాయి. పైన మొహాలేమో బ్యాంకు లైనులో నిలుచున్నట్టుంటాయి. తాగినవాడో తిక్కవాడో ఎవడో ఒకడు ముందు దూకితే తప్ప రెండోవాడు అడుగు కదపడు.

"ఆ ముందు దూకేవాణ్ణే నేను తయారుచేస్తున్నా మావయ్యా," అంది హైమ.

హైమ అతని చెల్లెలి కూతురు. కాకినాడలో ఇంజనీరింగు చదివింది, ఆ పైన ఇంకేవేవో చదివింది. చివరికి సామర్లకోటలో మూతపడ్డ రైసుమిల్లొకటి పట్టుకుని, దాన్నిండా తీగలూ కెమెరాలూ ఇనప పలకలూ పేర్చుకుని కూర్చుంది. ఆరో తరగతిలోనే బడి మానేసిన అబ్బులు టెంటుహౌసులో షామియానాలు మడతపెట్టుకుని బతుకుతున్నాడు. ఏడాదిలో ఆ జాతర రోజొక్కటే అతనిది. ఆ రోజు ఊళ్ళో ఎంత పెద్ద కారైనా అతను దాటేదాకా ఆగాల్సిందే.

"నా ఆట నీకెందుకే? ఎవరి పక్కనైనా ఫొటోకి నిలబెట్టడానికా? ఆ ముచ్చటా అయిపోయింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, భోజనాల కాడికొచ్చేసరికి మేం గుర్తులేం."

"ఫొటో లేదు, శాలువా లేదు. వచ్చి ఒక్కసారి నిలబడు. నచ్చకపోతే వెళ్ళిపో."

"భోజనం ఉందా?"

"అమ్మ పులుసు పంపించింది."

చెల్లెలి చేతి పులుసంటే అబ్బులు కాదనలేడు. వెళ్ళాడు.

మిల్లులో ఒకప్పుడు వడ్లు పోసే చోట నేలంతా పలకలు పరిచారు. ఎదురుగా గోడ నిండా నల్లటి తెర. హైమతో కలిసి పనిచేసే దావీదు అతని చీలమండలకీ మోకాళ్ళకీ నడుముకీ మెడకీ మెత్తటి పట్టీలు చుట్టాడు.

"పెళ్ళికొడుకుని చేత్తన్నావేటయ్యా?" అన్నాడు అబ్బులు.

"పెళ్ళికూతురు గోడలో ఉందండి. చూసుకోండి మరి," అన్నాడు దావీదు.

తెర మీద పసుపు వెలుగుతో ఒక మనిషి ఆకారం తేలింది. అబ్బులు కుడికాలు ఎత్తబోయాడు. కాలింకా నేల మీదుండగానే గోడలో మనిషి కుడికాలు ఎత్తేశాడు. అబ్బులు ఉలిక్కిపడి ఆగిపోయాడు. ఆ మనిషీ కాలు దించేశాడు.

"ఇదేటే! నాకంటే ముందే ఎత్తేసింది?"

"కాలెత్తే ముందు నీ ఒళ్ళు బరువుని ఎడమ పక్కకి మార్చుకుంటుంది మావయ్యా. అది నీకే తెలీదు. ఆ మార్పు పలకకి తెలుస్తుంది, కండరం బిగుసుకోవడం పట్టీకి తెలుస్తుంది. గోడ గీసేస్తుంది."

"అంటే నా మనసులో మాట దీనికి తెలిసిపోద్దా?"

"మనసు దానికి తెలీదు. ఒళ్ళే తెలుసు."

దాన్ని బోల్తా కొట్టిద్దామని అబ్బులు కుడివైపు చూస్తూ, కుడిచెయ్యి ఊపుతూ, ఉన్నట్టుండి ఎడమకి దూకాడు. గోడలో మనిషి అరక్షణం ముందే ఎడమకి దూకి నిలబడ్డాడు. అబ్బులు నవ్వాడు. ఆ నవ్వు మిల్లు రేకుల దాకా వెళ్ళి తిరిగొచ్చింది. అతను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో, హైమ తలుపు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

దానికి ముందునీడ అని పేరు పెట్టింది దావీదే. బజారులో పోయే ప్రతివాడికీ పట్టీలు కట్టలేం కదా. పట్టీ లేనివాడు ఎదురుగా నిలబడితే, కాళ్ళ కింద బరువు చూసి మిగతా ఒంటి సంగతి నీడే ఊహించుకోవాలి. అలా ఊహించాలంటే ముందు ఒక్క మనిషి ఒళ్ళయినా దానికి క్షుణ్ణంగా తెలియాలి. మామూలు మనుషులు అడుగేస్తే సగం బరువు వెనకే వదిలేస్తారట. అబ్బులు మాత్రం వేసిన అడుగు పూర్తిగా వేస్తాడట. హైమ ఆ మాట అన్నప్పుడు అతను పైకి పట్టించుకోనట్టే ఉన్నాడు గానీ, ఇంటికి పోయే దారంతా ఆ మాటనే చప్పరించాడు.

వానాకాలమంతా ముందునీడకి ఆట నేర్పాడు. పట్టీలు కట్టుకునేవాడు, నెత్తిన చెంబు పెట్టుకునేవాడు, డప్పు రికార్డు పెట్టించుకుని ఆడేవాడు. చెంబు లేకుండా ఆడమని హైమ ఒకసారి అంది. అతను ప్రయత్నించాడు. చెంబు తీసేసినా అతని మెడ చెంబు ఉన్నట్టే నిలబడింది. తండ్రి చిన్నప్పుడు నేర్పింది ముందుగా అదే: కింద కాళ్ళు ఎంత చిందులేసినా మెడ పైన గాలి కూడా కదలకూడదు. నడిచేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ, చివరికి తండ్రి శవం ముందు నిలబడ్డప్పుడూ అతని మెడ అలాగే ఉంది. తండ్రికి తల వంచలేదని అప్పట్లో చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా.

*

జాతర దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం తమ్ముడు వీర్రాజు ఇంటికొచ్చాడు. అబ్బులు భార్య నూకరత్నం వసారాలో ఇస్త్రీ చేస్తోంది. చిన్నప్పటి నుంచి బట్టల మూటలు నెత్తిన మోసిన మనిషి. మూటలు మోయడం మానేసి చాలా కాలమైనా, సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తుంది. ఇస్త్రీపెట్టె వేడి తగిలిన గుడ్డ మడిచి మెడ వెనక వేసుకుని పని చేసుకుంటుంది.

"ఈ ఏడు కూడా నువ్వేనేంటన్నయ్యా?" అన్నాడు వీర్రాజు, మంచం కోడు గోకుతూ.

"నేనే. ఏం, నా కాళ్ళు విరిగాయా?"

"అలా ఎందుకంటాను? నాకూ వయసు పోతంది కదా. ఒక్క ఏడు ఎత్తుకోనియ్యొచ్చు కదాని."

"పడేసిన రోజున నీకే. అప్పటిదాకా నాదే. అయ్య పెట్టిన కట్టు అది, నేను పెట్టింది కాదు."

వాళ్ళింట్లో ఆ కట్టు తాత నాటిది. జాతర గరగ గుళ్ళో ఉంటుంది. సాధన కోసం తాత చేయించిన ఇత్తడి గరగ ఇంట్లో ఉంటుంది. ఏదైనా సరే, ఎవరి నెత్తి మీద నుంచి గరగ కిందపడుతుందో ఆ మనిషి మళ్ళీ గరగ ఎత్తుకోకూడదు. అది తర్వాతివాడికి పోతుంది. తండ్రి నెత్తి మీద నుంచి ఎప్పుడూ పడలేదు. అబ్బులు నెత్తి మీద నుంచీ పడలేదు. అన్న ఎప్పుడు తూలుతాడా అని వీర్రాజు ఎదురుచూస్తున్నాడని అబ్బులుకి తెలుసు. తమ్ముడి కళ్ళలో ఆ ఎదురుచూపు కనపడినప్పుడల్లా అతని మెడ ఇంకాస్త నిటారుగా అయ్యేది.

వీర్రాజు వెళ్ళిపోయాక రత్నం అంది: "ఒక్క ఏడు ఇస్తే ఏం పోద్ది?"

"నాకున్నదల్లా అదొక్కటేనే."

"నేను లేనా?" అంది రత్నం. ఆమె నీళ్ళు చిలకరించి ఇంకో చొక్కా తీసింది.

*

ముందునీడని మొదట సంత చావడి గోడకి బిగించారు. నేల మీద పలకలు పరిచి పైన గోనెపట్టాలు వేశారు, మామూలు నేలలాగే ఉండాలని. మొదటి రోజు కూరగాయల సంచులతో వచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఎర్ర చీర కట్టిన ఒక టీచరమ్మ సంచీ మార్చుకుందామని ఒళ్ళు పక్కకి వాల్చిందో లేదో, గోడలో పసుపు వెలుగు ఆమె ఆకారంలోనే చక్కగా ఒక అడుగు పక్కకి వేసింది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. నీడ రెండో అడుగూ వేసింది. టీచరమ్మ సంచీ కింద పెట్టింది.

అంతే. ముందు దూకేవాడు దొరికాడు. తన ఒళ్ళే ముందు దూకి చూపిస్తుంటే ఇంక సిగ్గు ఎవరిని చూసి? పోస్టుమాన్ ఆడాడు. పళ్ళ డాక్టరు ఆడాడు. ట్రాఫిక్ కానిస్టేబులు టోపీ చంకలో పెట్టుకుని ఆడాడు. ఆడినవాళ్ళ ఆట ఎవరిది వాళ్ళదే, ఒకరిది ఇంకొకరికి కలవలేదు. కాళ్ళూ చేతులూ వాటికి తోచినట్టు పోయాయి.

అబ్బులు చావడి స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. చూడగా చూడగా అతనికొకటి కనపడింది. టీచరమ్మ, పోస్టుమాన్, డాక్టరు, కానిస్టేబులు. కాళ్ళు ఎటు పోతేనేం, అందరి మెడలూ నిటారుగా నిలబడే ఉన్నాయి. కనపడని గరగేదో ఒక్కొక్కరి నెత్తి మీదా ఉన్నట్టు! అతని గుండె పొంగిపోయింది. భోజనాల దగ్గర మర్చిపోయిన ఊరు, ఇప్పుడు మొత్తంగా అతని మెడ పెట్టుకుని ఆడుతోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకున్నాడు, పిల్లలు జేబులో బెల్లం దాచుకున్నట్టు.

వారం తిరక్కముందే హైమ దిగులుగా కనపడింది.

"జనం వస్తున్నారు, ఆడుతున్నారు. వెళ్ళేటప్పుడు మెడ నొప్పి అంటున్నారు మావయ్యా. బాగుంది గానీ ఏదో పట్టేసినట్టుంది అంటున్నారు. దావీదు పలకలన్నీ విప్పి చూశాడు. ఏమీ లేదు."

"అలవాటులేని ఒళ్ళు. నొప్పులుండవేటి?" అన్నాడు అబ్బులు.

*

రత్నం ముందునీడ దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆడడం తన పని కాదనుకుంది. వాళ్ళింట్లో మగవాళ్ళు ఆడేవాళ్ళు, ఆడవాళ్ళు ఆటకి కుదురు చుట్టేవాళ్ళు. అబ్బులు గరగ కింద పెట్టుకునే చుట్టకుదురు ఆమె పాత చీర చింపి చుట్టిందే. తన బట్టల మూట కిందా అలాంటిదే పెట్టుకునేది.

ఆ రోజు ఇస్త్రీ బట్టలు ఇచ్చేసి చావడి మీదుగా వస్తుంటే హైమ చెయ్యి పట్టుకుని లాగింది. "అత్తా, ఒక్కసారి."

"చాల్లే! మీ మావయ్య చూత్తే నవ్వుతాడు."

"నవ్వితే నవ్వనీ. ఆయన నవ్వడమే గొప్ప."

రత్నం చెప్పులు విడిచి గోనెపట్టా మీద నిలబడింది. స్తంభం దగ్గర అబ్బులు ఉన్నాడని ఆమె చూసుకోలేదు. నీడ లేచింది. ఒక అడుగేసింది. రత్నం వెనకాలే వేసింది. తర్వాత ఇంకోటి. ఇన్నేళ్ళుగా వసారాలో అతను సాధన చేస్తుంటే పక్కన కూర్చుని చూసిన కాళ్ళు అవి. వాటికి అంతా తెలుసు. అడుగు తర్వాత అడుగు, మడమ తర్వాత వేళ్ళు, ఎక్కడా తడబాటు లేదు. అబ్బులు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఉన్నట్టుండి రత్నం ఆగిపోయింది. మెడ మీద చెయ్యి వేసుకుంది. చాలాసేపు గోడనే చూసింది. నీడ కూడా ఆగి, తల నిటారుగా పెట్టి ఆమెనే చూసింది.

"బాగాలేదా అత్తా?"

"బాగానే ఉందే. ఒక్కసారి తల విసిరి ఆడదామనిపించింది, జుట్టు ముడి ఊడిపోయేలాగ. ఇదిగో ఇప్పుడే విసిరేసేదాన్ని. ఇది చూడు, ఇది విసరదు. దీన్ని చూత్తే నా మెడా బిగుసుకుపోతంది." ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "మూట దింపి ఇన్నాళ్ళయింది. మీ గోడ మళ్ళీ ఎత్తిందే నా నెత్తికి."

హైమ గోడ వైపు చూసింది. ఆడుతున్న ఇంకో ఇద్దరి నీడల వైపు చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి స్తంభం దగ్గరున్న అబ్బులు మెడ వైపు చూసింది. అబ్బులుకి జేబులో బెల్లం కరిగిపోయినట్టనిపించింది.

*

"చెరిపెయ్యొచ్చు," అంది హైమ, మిల్లులో. "నువ్వు నేర్పిందంతా తీసేస్తే మళ్ళీ మొదటినుంచి ఇంకొకరి ఒంటితో మొదలుపెట్టాలి. నీ ఆట ఒక్క ముక్క కూడా మిగలదు."

"నా తర్వాత వీర్రాజు. వాడి తర్వాత ఎవరూ లేరు. గోడలోనైనా ఉంటదనుకున్నాను."

"ఉంచే దారి ఒకటుంది." హైమ గోడ వైపు చూపించింది. "అది ఒంటిని చూసి నేర్చుకుంటుంది. ఎంతమంది వచ్చి ఆడినా, మెడ దగ్గరికొచ్చేసరికి నిన్నే అడుగుతుంది. నీ మెడ వదిలెయ్యడం అది ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలు, మెడకి రెండు దారులున్నాయని తెలుసుకుంటుంది."

అబ్బులు పట్టీలు కట్టించుకున్నాడు. స్టీలు చెంబు నెత్తిన పెట్టుకుని ఆడి, ఆడుతూ ఆడుతూ తల వంచేశాడు. చెంబు ఠంగున పడి దొర్లింది. నీడ తల మాత్రం కదల్లేదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. దావీదు చెంబు ఏరుకొచ్చి ఇస్తూనే ఉన్నాడు.

"గోడ పాడైందేమో చూడవయ్యా!"

"గోడ బాగానే ఉందండి. తల వంగుతోంది గానీ మెడలో కండరం వదలట్లేదు. పట్టీ చెప్తోంది. లోపల మీరింకా మోస్తూనే ఉన్నారు," అన్నాడు దావీదు.

"ఉత్త చెంబని దానికెలా తెలిసింది?"

"దానికి తెలీదు మావయ్యా. నీ ఒంటికి తెలుసు," అంది హైమ. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. అతను పట్టీలు విప్పేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు అటక మీద నుంచి ఇత్తడి గరగ దించాడు. చింతపండు పెట్టి తోమాడు. పసుపు రాశాడు. రత్నం వసారాలో నిలబడి చూస్తోంది.

"ఎక్కడికది?"

"మిల్లుకి."

ఆమెకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. "నాకోసమైతే వద్దు. నేనేదో నోరు జారాను."

"నీకోసమని ఎవడన్నాడు?"

"మరి?"

"కుదురియ్యి," అన్నాడు అబ్బులు.

ఆమె లోపలికెళ్ళి పాత కుదురు తెచ్చింది. ఇవ్వబోయి, ఆగి, తనే అతని నెత్తి మీద సరిచేసి పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె వేళ్ళు అతని మెడ వెనక ఒక్కక్షణం నిలిచాయి. "మన మెడలు రెండూ ఒక్కలాగే గట్టిపడిపోయాయి," అని గొణుక్కుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

*

మిల్లు రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. దావీదు పట్టీలు కట్టాక డప్పు మొదలైంది. అబ్బులు కళ్ళు మూసుకుని మొదలుపెట్టి, కాసేపటికి తెరిచాడు. ఎదురుగా పసుపు నీడ అతనికంటే అరక్షణం ముందు ఆడుతోంది. ఎంత బాగా ఆడుతోందో! తండ్రి అడుగులు, తాత అడుగులు. గరగ బరువు చుట్టకుదురులోంచి వెన్నులోకి, వెన్నులోంచి మడమల్లోకి దిగుతోంది. ఇప్పుడు వదిలెయ్యాలి. ఈ దరువులో. కాదు, తర్వాత దరువులో. అది కూడా దాటిపోయింది. వీర్రాజు మొహం గుర్తొచ్చింది. రేపు ఊరంతా అనబోయే మాట వినపడింది: అబ్బులు తూలాడంట. వదిలేశాడని ఎవడూ అనడు. ఎవడూ నమ్మడు.

వల్లకాదు, ఆపేద్దాం అనుకున్నాడు.

అప్పుడు నీడ తల వంచింది.

గరగ ఇంకా అతని నెత్తి మీదే ఉంది. తల ఇంకా నిటారుగానే ఉంది. గోడలో మాత్రం అతని ఆకారం మెడ వాల్చేసి, గడ్డం ఛాతీకి తగిలించి, పొద్దు వాలినప్పుడు మూట దింపిన ఆడమనిషిలా భుజాలు జారవిడిచింది. తన ఒళ్ళు అప్పుడే ఒప్పుకుందని అబ్బులు గోడలో చూసి తెలుసుకున్నాడు. ఆ అరక్షణంలో కావాలంటే ఆగొచ్చు. మెడ బిగించొచ్చు, జన్మంతా బిగించినట్టు.

అతను నీడ వెనకాలే వెళ్ళాడు.

గరగ ఇనప పలకల మీద పడి చాలాసేపు మోగింది. అంచు సొట్టపోయింది. దావీదు డప్పు ఆపేశాడు. హైమ దగ్గరికి రాబోయి ఆగింది. తల వాల్చుకుని అలాగే నిలబడ్డ మావయ్య మెడ వెనక, ఎండ ఎప్పుడూ తగలని తెల్లటి చారొకటి ఆమెకి కనపడింది.

*

ఆ సాయంత్రం అబ్బులే తమ్ముడింటికి వెళ్ళాడు. సొట్టపడ్డ గరగ గుమ్మంలో పెట్టాడు. వీర్రాజు దాన్ని చూసి, అన్నని చూసి, అన్నం తింటున్న చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"జారిందేటన్నయ్యా?"

"వదిలేశాను."

"తూలావేమో..."

"వదిలేశాన్రా."

ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి సంతోషపడాలి కదా. వీర్రాజు గుమ్మంలో చతికిలపడి, ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. "ఇలా ఇత్తావనుకోలేదు," అన్నాడు. "మడమ పూర్తిగా ఆన్చు. నీకు సగం ఆన్చే జబ్బుంది," అని చెప్పి అబ్బులు వచ్చేశాడు.

జాతర రోజు వీర్రాజు గరగ ఎత్తుకుని ముందు నడిచాడు. మడమ పూర్తిగా ఆన్చాడు. దారి పక్కన జనంలో అబ్బులు నిలబడ్డాడు, బ్యాంకు లైనులో నిలబడ్డట్టు. వెనక ఎవడో అననే అన్నాడు: "పెద్దాడు తూలాడంటగా. వయసైపోయింది పాపం." అబ్బులు తిరిగి ఒక మాట అందామనుకుని మింగేశాడు. ఆ చేదు ఎప్పటికీ గొంతులోనే ఉంటుందని అతనికి తెలుసు.

ఎదురుగా చావడిలో ముందునీడ వెలుగుతోంది. దాని ముందు టీచరమ్మ తల అటూ ఇటూ ఊపుతూ ఆడుతోంది. కానిస్టేబులు మెడ సుళ్ళు తిరిగిపోతోంది. గరగ ఆటలో అడుగులు మాత్రం అలాగే ఉన్నాయి గోడలో, తాత అడుగులు, ఇంకా తప్పు లేకుండా.

అబ్బులు ఉన్న వైపు గోడ లేదు, వెలుగు లేదు. డప్పులే ఉన్నాయి. అతని కాలి వేళ్ళు చెప్పుల్లో కదిలాయి. ఖాళీ నెత్తితో ఆడడం అతనికి తెలీదు. సిగ్గేసింది. ఇంత జనంలో ముందు ఎవరు దిగుతారు?

పక్కన రత్నం చెప్పులు విడిచింది. అతనికేసి చూడలేదు. జుట్టు ముడి మీద చెయ్యి వేసి, దాన్ని గట్టిగా బిగించబోయి, మానేసి, దార్లోకి నడిచింది. రెండడుగుల తర్వాత తల వెనక్కి విసిరింది. ముడి ఊడి, నెరిసిన జుట్టు వీపంతా పరుచుకుంది.

అరక్షణం తర్వాత అబ్బులు చెప్పులు విడిచాడు.